బావ చేసిన సముద్రం

అప్‌డేట్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "మేడం, కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించెయ్యనా?" అని ఉత్సాహంగా అడిగింది పాపం. "ఎక్కించు, ఎక్కించాక కూర్చుని ఏడువు" అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. వెళ్ళాక నాకే సిగ్గేసింది. దాని తప్పేముంది? బావ పోయాడని నాకు ఆ ముందురోజే తెలిసిందని దానికెలా తెలుస్తుంది?

బావ నాకు వరసకి బావ కాదు. ఆ రోజుల్లో మేము పనిచేసిన చోట మగవాళ్ళందరికీ ఆయన బావ. ప్రొప్రయిటరుకీ బావే, కింద జెరాక్స్ కొట్టు అతనికీ బావే. నేను మాత్రం అన్నయ్యా అనేదాన్ని. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. పేరు పెట్టి రాస్తే నాకే ఎవరో కొత్త మనిషి గురించి రాస్తున్నట్టు ఉంటుంది, అందుకని ఇక్కడా రాయడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. విశాఖపట్నంలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ అంటే వినేవాళ్ళు నవ్వేవారు. ద్వారకానగర్‌లో ఒక మేడమీద మూడు గదులు, అదీ కంపెనీ. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్‌ప్లాంట్‌లో కుదురుకున్న మనిషి. "ఆటలాడుకోవద్దని కొట్టి మరీ చదివిస్తే, చదివి ఆటలు తయారుచేస్తున్నావా?" అని భోజనం దగ్గర రోజూ ఒక్కసారైనా అనేవారు. అక్కడ నాది ప్రోగ్రాములు రాసే పని. బావది బొమ్మల పని.

మేం చేస్తున్న ఆట మా ఊరిదే. పెద్ద ఓడ వచ్చి హార్బరు బయట లంగరేసి నిలబడుతుంది. ఆడేవాడు చిన్న టగ్గు పడవ వేసుకుని వెళ్ళి, దాన్ని యారాడ కొండ పక్కనుంచి లోపలికి లాక్కురావాలి. ఓడలూ క్రేన్లూ కొండా ఎవరైనా చేస్తారు. సముద్రం మాత్రం బావ చేశాడు.

ఎలా చేసేవాడంటే, మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ బల్లమీద తల వాల్చి కునుకు తీస్తుంటే, ఆయన స్కూటరేసుకుని బీచికి పోయేవాడు. ఇసుకలో గొంతుక్కూర్చుని, తల అల ఎత్తుకి దించి చూసేవాడు. ప్యాంటు తడిసి, చెప్పుల నిండా ఇసుకతో తిరిగొచ్చేవాడు. ఊడ్చే ఆవిడ రోజూ తిట్టేది. ఆయన విననట్టే వెళ్ళి కూర్చుని, అల విరిగే అంచు ఒక్కటే మళ్ళీ మళ్ళీ దిద్దేవాడు. మార్కెట్లో దొరికే మిగతా ఆటల్లో సముద్రాలన్నీ ఆయనకి సబ్బునీళ్ళు.

"అన్నయ్యా, పడవ నడిపేవాడు పడవనే చూసుకుంటాడు. నీళ్ళని ఇంత పట్టిపట్టి ఎవరు చూస్తారండీ?" అన్నాను ఒకసారి, నా పని ఆగిపోతోందన్న విసుగులో.

"నాను సూత్తాను" అన్నాడు. అంచు దిద్దుతూనే, "సముద్రం ఒకనాగ ఉండదమ్మా. ఒకనాగుంటే అది సెరువు" అన్నాడు.

ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ మీటలు నొక్కిన రెండు వేళ్ళూ కళ్ళకద్దుకునేవాడు. కంప్యూటర్ని తల్లీ అని పిలిచేవాడు. అది మొరాయిస్తే అందరం బూతులు తిట్టేవాళ్ళం. ఆయన మాత్రం, "ఏటి తల్లీ, ఏటైపోనాది నీకు? నీరసంగున్నాదా?" అని దాని నెత్తిమీద చెయ్యి వేసేవాడు. సుగరున్న మనిషి, టీలో పంచదార వద్దనేవాడు. వద్దని, జేబులోంచి కాగితంలో చుట్టిన మాడుగుల హల్వా తీసి నోట్లో వేసుకునేవాడు. "అన్నయ్యా!" అని నేను కళ్ళెర్రజేస్తే, "టీ సప్పగున్నాదమ్మా, ఏటి సేత్తాం" అని నవ్వేవాడు.

ఆ సుగరే ఆయన కళ్ళకెక్కింది. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. మెనూలో చిన్న అక్షరాలు చదవమని నన్ను పిలిచేవాడు. "ఆ బుడ్డి అచ్చరాలు ఓపాలి సదువమ్మా, మీ గోదారోళ్ళు సదివితే సెవులకి సల్లగుంటాది" అని వేళాకోళం చేస్తుంటే, నేనూ వేళాకోళమే అనుకున్నాను. ఒకరోజు గుమ్మానికి నుదురు గుద్దుకున్నాడు. అప్పుడు చెప్పాడు, కంట్లో రక్తం దిగుతోందనీ, లేజరు చేయించినా ఉన్న చూపు నిలబెట్టడమే తప్ప పోయింది రాదన్నారనీ.

"ఎన్నాళ్ళుంటుందట?" అని అడిగేశాను. అడగకూడదని అడిగాక తెలిసింది.

"అది సెప్పలేదు. నాను అడగనేదు. సముద్రం మొత్తం నడుత్తుంటే ఓపాలి సూసీసుకుంటే సాలు. ఆ పైన ఆడి ఇట్టం."

మొత్తం ఎందుకన్నాడంటే, అప్పటిదాకా ఆ సముద్రాన్ని మేమెవరమూ పూర్తిగా చూడలేదు. మేం వాడే సాఫ్ట్‌వేర్ అంత నీటిని ఒక్కసారి మొయ్యలేకపోయేది. ఒడ్డు ఒక ముక్క, హార్బరు నోరు ఒక ముక్క, లోతు సముద్రం ఒక ముక్క, అలా విడివిడిగా నడిపి చూసుకునేవాళ్ళం. కొత్త వెర్షన్ వస్తోంది, అందులో మొత్తం కలిపి నడపొచ్చు అని తెలిసినప్పట్నుంచీ బావ పెళ్ళికొడుకులా తయారయ్యాడు. దసరా వెళ్ళాక బెంగుళూరు నుంచి ఆటలు కొనే కంపెనీ వాళ్ళు ఆట చూడడానికి వస్తామన్నారు. వాళ్ళకి నచ్చితే పూర్తి ఆట మేమే చేస్తాం, లేదంటే మూడు గదులూ ఖాళీ చేస్తాం. మా ప్రొప్రయిటరుకి ఆ బెంగ. బావకి మాత్రం సముద్రం బెంగ ఒక్కటే.

దసరా ఆయుధపూజ నాడు మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మానిటర్లకి బంతిపూల దండలు వేసేవాళ్ళం. ఆ ఏడు ప్రొప్రయిటరు, "మంచి ముహూర్తం ఉంది, కొత్త వెర్షన్ ఇవాళే అన్ని సిస్టాల్లోనూ ఎక్కించేద్దాం" అన్నాడు. ఒక్కటంటే ఒక్క సిస్టం పాతదానితో ఉంచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పూజలో ఒకదానికి బొట్టు పెట్టి ఇంకోదాన్ని వదిలేస్తామా? అందరం వరసగా కూర్చున్నాం. కొబ్బరికాయ కొట్టగానే ఎవరి ఫైళ్ళు వాళ్ళు కొత్తదాంట్లో తెరిచి, శుభమా అని ఒకసారి సేవ్ చేశాం. కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో ఇక తెరుచుకోదని దాన్ని తయారుచేసినవాళ్ళు ఇచ్చిన సూచనల్లో ఎక్కడో ఉందట. అది చదవడానికి ఆ పూట ఎవరికి తీరిక? బావ సేవ్ చేసి, కళ్ళకద్దుకుని, అందరికీ ప్రసాదం పంచాడు.

మర్నాడు సముద్రం ముక్కలన్నీ కలిపాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నొక్కాడు. తెర ఆకుపచ్చగా అయింది, అడ్డంగా గీతలొచ్చాయి, నల్లబడిపోయింది. లోపల ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది.

"తల్లీ?" అన్నాడు బావ.

ఆ రోజు మొదలు నేను పడని పాట్లు లేవు. గ్రాఫిక్స్ కార్డుని నడిపించే డ్రైవరు కొత్తది వేశాను, పాతది వేశాను, అసలు తీసేసి మళ్ళీ వేశాను. సాఫ్ట్‌వేరంతా తుడిచిపెట్టి మొదటినుంచీ ఎక్కించాను. కార్డు ఊడబీకి దుమ్ము ఊది, వేరే సిస్టంలో గుచ్చాను. వేరే షాపునుంచి వేరే కార్డు తెప్పించాం. నీడలు తీసేశాను, వెలుగు తగ్గించాను. ఓడలు తీసేసి చూస్తే నల్లబడింది, కొండ తీసేసి చూస్తే నల్లబడింది. సముద్రాన్ని మళ్ళీ ముక్కలు చేసి ఒక్కోటే నడిపినా నల్లబడింది. సముద్రం తీసేశాను. హాయిగా నడిచింది! ఎండిపోయిన నేలమీద టగ్గు పడవ చక్కగా తిరుగుతోంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటర్నెట్‌లో ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు మాట్లాడుకునే చోట రాశాను. ఒకడు మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూశారా అన్నాడు. ఇంకొకడు మా దగ్గర బాగానే నడుస్తోందే అన్నాడు. బాగానే నడిస్తే నడిచింది, నాతో చెప్పడమెందుకు? చివరికి తయారుచేసిన వాళ్ళే జవాబిచ్చారు. ఇది మాకు తెలిసిన లోపమే, రాబోయే వెర్షన్‌లో సరిచేస్తాం అని. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. అది చదివి వినిపిస్తే బావ, "ఆళ్ళకి తెలుసునా? తెలిసుండే ఇచ్చీసినారా?" అన్నాడు. ఆ మనిషి నోట కోపంగా వచ్చిన మాట నేను విన్నది అదొక్కటే.

పాత వెర్షన్ మళ్ళీ ఎక్కించి, పాత ముక్కలే చూపిద్దాం అనుకున్నాం. దానికి పాత ఫైళ్ళు కావాలి. అవి సీడీల్లో ఉన్నాయి. బావ ప్రతి వారం కాపీ తీసి, ఒకదానిమీద ఒకటి కడ్డీకి గుచ్చి దాచేవాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్ళి బీరువా తీశాను. సీడీలన్నీ కలిసి ఒకే ముద్దగా వచ్చాయి.

ఆయుధపూజ నాడు కంప్యూటర్లకి పెట్టిన చేత్తోనే బావ వాటికీ బొట్లు పెట్టాడు, ఒక్కోదానికీ, తడి పసుపూ కుంకుమా దండిగా అద్ది. అవీ పనిముట్లే కదా. తడి ఆరకుండానే మళ్ళీ కడ్డీకి గుచ్చేశాడు. మా ఊరి ఉప్పుగాలికి అవి గట్టిగా అతుక్కుపోయాయి. ఒక్కోటీ నెమ్మదిగా విడదీస్తుంటే, బొట్టున్న మేర వెండిపొర లేచి పక్కదానికి అంటుకుని వచ్చేసింది. వాటి గుండా అవతలి గోడ కనిపిస్తోంది. ఒక్కటీ చదవలేదు మిషను.

తిట్టడానికి ప్రొప్రయిటరుకీ నోరు లేదు, ముహూర్తం పెట్టింది అతనే. బావ ఆ సీడీల్ని చేతులతో తడుముతూ, "నానే బొట్టెట్టీసినాను. నా సేత్తోనే" అన్నాడు.

ఆ శనివారం ఆయన ఆఫీసుకి రాలేదు. సోమవారం నున్నటి గుండుతో వచ్చాడు. సింహాచలం వెళ్ళి తలనీలాలిచ్చాడట. "మొక్కు పని జరిగాక కదండీ తీర్చేది?" అన్నాను.

"ముందే ఇచ్చీసినాను. ఇప్పుడు అప్పన్నకి మొగమాటం కదా, ఏదో ఒకటి సెయ్యాల" అన్నాడు.

నేను నవ్వాను. నవ్వుతూనే మళ్ళీ నొక్కాను. ఆకుపచ్చ, గీతలు, నలుపు.

ఇక మిగిలింది పాత వెర్షన్‌లో మళ్ళీ మొదటినుంచీ చెయ్యడమే. "ఇంత చేసినవాడివి, ఒక ముక్క మళ్ళీ చెయ్యలేవా బావా? ఒడ్డు ఒక్కటి చాలు" అని ప్రొప్రయిటరు బతిమాలాడు. కళ్ళ సంగతి అతనికి సగమే తెలుసు. బావ సరేనన్నాడు. మానిటరుకి ముక్కు ఆనించి కూర్చునేవాడు. ఒక కన్ను మూసి, తల పక్కకి వంచి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎన్ని రకాలుగా చూడొచ్చో అన్ని రకాలుగానూ చూసేవాడు. మధ్యాహ్నాలు బీచికి వెళ్ళడం మానేశాడు. ఆయన్ని చూడలేక నేను నా కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను.

ఒక సాయంత్రం పిలిచాడు. "ఇటు రామ్మా. రంగు ఎలాగొచ్చినాదో సెప్పు."

చూశాను. నీళ్ళు వంకాయరంగులో ఉన్నాయి. నురగ అంచు నీళ్ళనొదిలి ఇసుకలో ఎక్కడో వంకరగా పడి ఉంది. ఆయన నా మొహం వైపు చూస్తున్నాడు, కానీ చూపు నా భుజం మీద ఉంది. అబద్ధం చెప్తే పనికి నష్టం, నిజం చెప్తే మనిషికి. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నిజం చెప్పడమే మంచిదనుకునే వయసు.

"రంగు మారిపోయిందండీ. నురగ కూడా... దూరంగా ఉంది."

"అలాగా" అన్నాడు. సిస్టం ఆపేశాడు. ఆ ఒక్కసారి మాత్రం సేవ్ చెయ్యలేదు.

బెంగుళూరు వాళ్ళు వచ్చారు. ఎండు నేలమీద పడవ నడిపి చూపించాం, సముద్రం తర్వాత వస్తుందన్నాం. వాళ్ళు మర్యాదస్తులు, నవ్వలేదు. టీ తాగి, ఫోన్ చేస్తామని వెళ్ళారు. ఆ ఫోను రాలేదు. తర్వాత కొన్ని నెలలకి మేడమీద గదుల్లోకి ట్యుటోరియల్ కాలేజీ ఆఫీసు వచ్చింది. నేను వేరే కంపెనీలో చేరాను. బావ సొంతూరు తగరపువలస వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసేదాన్ని. "కొత్త వెర్సన్ వచ్చినాదా?" అని అడిగేవాడు. తన ఒంట్లో ఎలా ఉందో అడిగితే చెప్పేవాడు కాదు.

మూడు నాలుగేళ్ళు గడిచాక వచ్చింది. పూజనాడు కొత్తదాంట్లో సేవ్ చేసిన ఆ సముద్రం ఫైళ్ళు నా దగ్గర హార్డ్‌డిస్కులో ఉన్నాయి. ఇంట్లో నా సొంత సిస్టంలో కొత్త వెర్షన్ వేసి, భయంభయంగా నొక్కాను. తెర ఆకుపచ్చగా అయింది. గీతలు రాలేదు. సముద్రం వచ్చింది.

నేనేం చెప్పను! ఒడ్డునుంచి లోతుదాకా ఒకటే నీరు. ఎక్కడికక్కడ రంగు వేరు. అల లేచి, విరిగి, ఇసుకమీద పాకి, వెనక్కి వెళ్తూ తడి మిగిల్చి పోతోంది. ఒక అలలా ఇంకో అల లేదు. మా అమ్మని పిలిచి చూపిస్తే, "టీవీలో బీచి వేశారేంటే?" అంది.

ఆ ఆదివారమే సిస్టమంతా విప్పి, దుప్పట్లో చుట్టి, కారులో వేసుకుని తగరపువలస వెళ్ళాను. మే నెల ఎండ. బావ వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని, మొహం కొంచెం పక్కకి తిప్పి నవ్వాడు. వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియడం లేదని వదిన లోపలికి తీసుకెళ్ళి మెల్లిగా చెప్పింది. వదిన అంటే ఆయన భార్య. ఆవిడ ఆ రోజుదాకా ఆయన చేసిన పని ఒక్కటీ చూడలేదు. "ఏ బొమ్మలో, ఏ నీల్లో! ఆటికోసం కళ్ళు పోగొట్టీసుకున్నాడు" అని కసురుకుంటూనే నాకు మజ్జిగ ఇచ్చింది.

నేను ఆలస్యం చేశానా, వెర్షన్ ఆలస్యం చేసిందా? ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు. అయినా తెచ్చిన సిస్టం బిగించాను. బావని కుర్చీలో కూర్చోబెట్టాను. నొక్కాను.

"వచ్చినాదా?"

"వచ్చిందండీ అన్నయ్యా. మొత్తం వచ్చింది."

"నురగ ఇసకలో ఆగిపోతందా, ఎనక్కెల్తందా?"

"వెనక్కే వెళ్తోందండీ. తడి కనిపిస్తోంది."

"హార్బరు నోటికాడ నీల్లు నల్లగుండాల."

"నల్లగానే ఉన్నాయండీ. కొండ నీడ కూడా పడుతోంది."

కుర్చీ చేతులు పట్టుకుని వింటున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఉన్నట్టుండి, "ఒలే! రాయే! బేగి రా, సూద్దువుగాని" అని వంటింట్లోకి కేకేశాడు. వదిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ వస్తోంది. ఆవిడ గుమ్మం దాటుతుండగా తెరమీద అడ్డంగా గీతలొచ్చాయి. నల్లబడిపోయింది.

ఎండకి వేడెక్కిందో, వోల్టేజీ సరిపోలేదో, ఆ లోపం అసలు పోనేలేదో, నాకు ఈ రోజుకీ తెలియదు. మళ్ళీ మొదలుపెట్టాలంటే సిస్టం ఆపాలి. ఆపి వేస్తే బీప్‌మంటుంది, ఆయన వింటాడు. నా చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయాను. వదిన వచ్చి నల్ల తెర ముందు నిలబడింది. తెర చూసింది, నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నా కళ్ళు చూసి ఆవిడకి అర్థమైపోయింది.

"కనపడతన్నాదా? ఎలాగున్నాది?" అన్నాడు బావ.

వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. గాజులు గలగలమనేటట్టు చీర కుచ్చిళ్ళు గబుక్కున పైకి పట్టుకుంది.

"ఓలమ్మ! మీదకొచ్చీసినాది, సీర తడిసిపోతాది" అంది.

బావ పగలబడి నవ్వాడు.